ఇంటిపేరు తప్పిన చేప

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో పైక్స్ పీక్ అనే పెద్ద కొండ ఉంది. దాని వాలు మీద బేర్ క్రీక్ అనే చిన్న సెలయేరు పారుతుంది. చాలాచోట్ల ఒక్క అంగలో దాటేయొచ్చు. ఆ ఏటిలో నాలుగు మైళ్ల మేర మాత్రమే బతుకుతున్న ఒక చేప, ప్రపంచంలో మరెక్కడా సహజంగా మిగల్లేదని 2012లో తేలింది. ఇంకా వింత ఏమిటంటే, ఆ ఏరు ఆ చేప పుట్టిల్లే కాదు. పుట్టింటి నీళ్లలో అప్పటికి దాని ఆనవాలే లేదు.

ఆ చేప పేరు గ్రీన్‌బ్యాక్ కట్‌త్రోట్ ట్రౌట్. దవడ కింద, గొంతుకు రెండు పక్కలా కత్తితో గీసినట్టు ఎర్రటి చారలుంటాయి. కట్‌త్రోట్ అన్న పేరు అందుకే వచ్చింది. పేరులో పచ్చ వీపు ఉంది గానీ, ఆ పచ్చదనం అంతగా కొట్టొచ్చినట్టు కనిపించదు. తోకవైపు దట్టంగా ఉండే పెద్ద పెద్ద నల్లచుక్కలు, సన్నటి పొలుసులు దాని గుర్తులు. గుడ్లు పెట్టే కాలంలో మగచేప పొట్ట కుంకుమ పూసినట్టు ఎర్రబడుతుంది.

కట్‌త్రోట్ చేపల్ని బయటివాళ్లు ఏనాడో చూశారు. 1541లో బంగారం వెతుక్కుంటూ వచ్చిన కొరొనాడో దండులోని స్పెయిన్ వాళ్లు, ఇప్పటి న్యూ మెక్సికో ఏళ్లలో ట్రౌట్ ఉందని రాసిపెట్టారు. 1836లో జాన్ రిచర్డ్‌సన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త కట్‌త్రోట్‌కు శాస్త్రీయ నామం పెట్టాడు. పడమటి అమెరికాను అన్వేషించిన లూయిస్, క్లార్క్‌ల యాత్రలోని క్లార్క్ పేరే అందులో ఉంది. 1870ల మొదట్లో ఎడ్వర్డ్ కోప్ ‘స్టోమియాస్’ అన్న పేరు ఇచ్చాడు. ఇప్పటికీ గ్రీన్‌బ్యాక్‌కు అదే పేరు. సౌత్ ప్లాట్ నది పైఏళ్లు దాని స్వస్థలం.

ఇక్కడ ఆ కొండల తీరు కాస్త చెప్పుకోవాలి. రాకీ పర్వతాల నడినెత్తిన ఒక గట్టు ఉంది. దానికి తూర్పున పడిన వాన మిసిసిపీ వైపూ రియో గ్రాండే వైపూ పోతుంది, పడమట పడింది కొలరాడో నది వైపు పోతుంది. ఒక నది చేప ఇంకో నదికి గట్టెక్కి పోలేదు కదా. వేల తరాలుగా ఏ పరీవాహకంలోని కట్‌త్రోట్ అక్కడే ఉండిపోయి, వేరు వేరు వంశాలుగా చీలిపోయింది. చూడ్డానికి అన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి, ఇంటిపేర్లు మాత్రం వేరు. కథంతా ఈ ఇంటిపేర్ల దగ్గరే తిరుగుతుంది.

1859లో బంగారం వేటగాళ్లు కొలరాడోకు వేలంవెర్రిగా వచ్చిపడ్డారు. గనుల మురికి ఏళ్లలో కలిసింది. పొలాలకు కాలువలు తవ్వి ఏళ్లను ఎండగట్టారు. గని శిబిరాల్లో కూరకి ట్రౌట్‌ను ఎంత దొరికితే అంత పట్టి అమ్మారు. అయినా ఇవన్నీ తట్టుకుని కొన్ని చేపలు మిగిలేవేమో. అసలు దెబ్బ, మంచి చేస్తున్నామనుకున్న వాళ్ల చేతి నుంచి పడింది. ఏళ్లు ఖాళీ అయ్యాయని తెలిసి, వాటిని మళ్లీ నింపుదామని బయటి చేపల్ని తెచ్చి వదిలారు. 1871లో ఏర్పడిన అమెరికా ఫిష్ కమిషన్, ప్రత్యేకమైన రైలు పెట్టెల్లో, పాల క్యాన్లలో చేపపిల్లల్ని పోసుకుని దేశమంతా తిప్పింది. తూర్పు రాష్ట్రాల నుంచి బ్రూక్ ట్రౌట్, కాలిఫోర్నియా నుంచి రెయిన్‌బో ట్రౌట్ వచ్చాయి. 1883లో జర్మనీ నుంచి బ్రౌన్ ట్రౌట్ గుడ్లు ఓడలో దిగాయి. 1889లో లెడ్‌విల్ దగ్గర ఫెడరల్ ప్రభుత్వం హేచరీ కట్టింది. ఈ పిచ్చి అమెరికాకే పరిమితం కాదు. ఇంచుమించు ఆ రోజుల్లోనే ఇంగ్లీషు దొరలు కాశ్మీరు ఏళ్లలోకీ, మన తెలుగు జిల్లాలూ కలిసి ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలోని నీలగిరుల వాగుల్లోకీ ట్రౌట్‌ను మోసుకొచ్చారు.

వచ్చిన చుట్టాలు ఇల్లు కాజేశారు. బ్రూక్ ట్రౌట్ శరదృతువులో గుడ్లు పెడుతుంది, కట్‌త్రోట్ మంచు కరిగాక పెడుతుంది. కట్‌త్రోట్ పిల్ల గులకరాళ్ల సందులోంచి బయటపడేసరికి బ్రూక్ పిల్లలు అప్పటికే ఎదిగి, తిండీ చోటూ ఆక్రమించుకుని ఉంటాయి. రెయిన్‌బో చేసేది వేరే రకం నష్టం. అది కూడా వసంతంలోనే గుడ్లు పెడుతుంది కాబట్టి కట్‌త్రోట్‌తో జతకడుతుంది. పుట్టే సంకర సంతానం మళ్లీ పిల్లల్ని కంటుంది. కొన్నాళ్లకు ఏటినిండా చేపలే, అసలు వంశం మాత్రం ఉండదు.

వీటికి మించిన తికమక ఇంకొకటి. పడమటి వాలున ఉన్న ట్రాపర్స్ లేక్, గ్రాండ్ మేసా చెరువుల్లో కట్‌త్రోట్ గుడ్లు పుష్కలంగా దొరికేవి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వాటిని పొదిగించి, గట్టు దాటించి, తూర్పు ఏళ్లలో కూడా వదిలారు. కట్‌త్రోట్ ఎక్కడిదైనా కట్‌త్రోటే అనుకున్నారు. అందులో దురుద్దేశం లేదు. కానీ ఏ ఏటిలో ఉన్నది అక్కడి చేపో, గట్టు అవతలి దాయాదో చెప్పగలిగే ఆధారం మాత్రం అక్కడితో చెదిరిపోయింది.

1937 వచ్చేసరికి గ్రీన్‌బ్యాక్ అంతరించిందని రాసేశారు.

మళ్లీ ఆశ పుట్టించినవాడు రాబర్ట్ బెన్కే. కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో ఆచార్యుడు, ట్రౌట్ల వంశవృక్షాన్ని ఆయనంత శ్రద్ధగా చదివినవాళ్లు తక్కువ. పొలుసులు లెక్కపెట్టేవాడు, చుక్కల పరిమాణం, నోటిలోపలి సన్నటి పళ్లు చూసేవాడు. 1969లో బౌల్డర్ పట్టణం దగ్గరి కోమో క్రీక్‌లోని చేపలు గ్రీన్‌బ్యాక్‌లేనని చెప్పాడు. ప్రభుత్వం కదిలింది. 1978లో జాతి స్థాయిని ‘అంతరించే ప్రమాదం’ నుంచి ఒక మెట్టు దింపి ‘ముప్పు’ కిందికి మార్చారు. కోమో లాంటి కొద్దిపాటి ఏళ్ల చేపల్ని ఇతర ఏళ్లకు తరలించారు.

ఆ తరలింపు తేలికైన పని కాదు. ముందు దిగువనుంచి బ్రూక్ ట్రౌట్ ఎక్కి రాకుండా ఒక జలపాతమో, కట్టిన అడ్డుగోడో ఉండాలి. ఏటికి ఎదురీదడం ట్రౌట్‌కు పుట్టుకతో వచ్చిన విద్య. తర్వాత పైనున్న బయటి చేపలన్నిటినీ చంపాలి. దానికి రోటినోన్ వాడతారు. కొన్ని చిక్కుడు జాతి మొక్కల వేళ్లలో ఉండే విషం అది, చేపకు ఊపిరాడకుండా చేస్తుంది. మన కొండల్లో గిరిజనులు ఆకూ బెరడూ దంచి మడుగులో కలిపి చేపల్ని మత్తెక్కించి పట్టే పద్ధతికి ఇది దూరపు చుట్టం. దిగువన పొటాషియం పర్మాంగనేట్ కలిపి విషాన్ని విరుస్తారు. ఆ తర్వాతే కొత్త చేపలు. ఇలా ఇరవై దాకా చోట్ల చేపలు నిలదొక్కుకున్నాయి. 1994లో కొలరాడో తన రాష్ట్ర చేపగా గ్రీన్‌బ్యాక్‌ను ప్రకటించుకుంది, తెలంగాణకు కొర్రమీను ఉన్నట్టు. రక్షణ జాబితాలోంచి తీసేద్దామనే మాటలు కూడా మొదలయ్యాయి.

అప్పుడు డీఎన్‌ఏ వచ్చింది. 2007లో కొలరాడో యూనివర్సిటీకి చెందిన జెసికా మెట్‌కాఫ్, ఆండ్రూ మార్టిన్ బృందం, గ్రీన్‌బ్యాక్‌లుగా నమ్మిన తొమ్మిది చోట్ల చేపల్ని పరీక్షిస్తే, అయిదు చోట్ల ఉన్నవి కొలరాడో నది కట్‌త్రోట్‌లని తేలింది. ముప్ఫై ఏళ్ల శ్రమలో సగానికి పైగా పరాయి ఇంటిపేరున్న చేపకు పోయిందన్నమాట. ఆ వార్త విన్న రోజున ఏళ్ల వెంట నడిచి చేపలు మోసినవాళ్ల మనసు ఎలా ఉండి ఉంటుందోనని నేను చాలాసార్లు ఆలోచించాను.

అయినా ప్రశ్న మిగిలింది. అసలు గ్రీన్‌బ్యాక్ ఎలా ఉండేది? బతికున్న చేపలన్నీ అనుమానపు చేపలే అయినప్పుడు సాక్ష్యం చచ్చిపోయిన వాటి దగ్గరే దొరకాలి. 1857 నుంచి 1889 మధ్య, అంటే పెద్ద ఎత్తున చేపలు వదలడానికి ముందు, పట్టి మ్యూజియం సీసాల్లో స్పిరిట్‌లో ముంచి పెట్టిన చేపలు కొన్ని ఉన్నాయి. తర్వాతి కాలంలో ఫార్మలిన్ వచ్చి డీఎన్‌ఏను పాడుచేసింది గానీ, ఇవి పాతవి కావడమే మేలైంది. నూట యాభై ఏళ్ల మాంసపు తునకల్లోంచి ముక్కలు ముక్కలుగా డీఎన్‌ఏ రాత బయటికి లాగారు. 2012లో ఫలితం వెల్లడైంది. అంతకుముందు గ్రీన్‌బ్యాక్‌లుగా మిగిలాయనుకున్న ఇతర చోట్లవి కూడా పడమటి వాలు వంశానివే. సౌత్ ప్లాట్ పాత చేపలతో కలిసింది ఒక్క బేర్ క్రీక్ చేప మాత్రమే. పెద్దవీ చిన్నవీ కలిపి సుమారు 750.

బేర్ క్రీక్ నీళ్లు చివరికి చేరేది అర్కాన్సాస్ నదికి. మరి సౌత్ ప్లాట్ చేప అక్కడికెలా చేరింది? పంతొమ్మిదో శతాబ్దం చివర్లో జోన్స్ అనే హోటల్ యజమాని ఆ ఏటి ఒడ్డున స్థిరపడ్డాడు. యాత్రికుల కోసం గుంటలు తవ్వి, చేపలు తెచ్చి పెంచాడు. ఎన్నో ఏళ్లలో స్థానిక చేపను తుడిచిపెట్టింది సరిగ్గా ఇలాంటి పనే. ఇక్కడ మాత్రం అది ఒక వంశాన్ని దాచిపెట్టింది. ఈ మాట రాస్తుంటే నాకు సంతోషమూ భయమూ కలిసి వస్తాయి, ఎందుకంటే ఆ చేప బతికిందే ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల.

అలా బతికినా ఆరోగ్యంగా లేదు. కొద్ది చేపల సంతానం కాబట్టి దగ్గరి రక్తం కలుస్తూ వచ్చింది. హేచరీలో గుడ్లు సరిగా పొదగకపోవడం, పిల్లలు వంకర తిరిగి పుట్టడం కనిపించింది. కొండ మీది మోటార్‌సైకిళ్ల బాట నుంచి గరుకు ఇసుక ఏటిలోకి జారి మడుగుల్ని పూడ్చేది. దాని మీద కోర్టుకు కూడా వెళ్లారు, చివరికి బాటను ఏటికి దూరంగా మళ్లించారు. 2014లో జిమ్మర్‌మన్ లేక్ అనే ఎత్తైన చెరువులో సుమారు 1,200 చేపల్ని వదిలారు. సౌత్ ప్లాట్ పరీవాహకంలోకి గ్రీన్‌బ్యాక్ తిరిగి అడుగుపెట్టింది అప్పుడే. 2016లో హెర్మన్ గల్చ్‌లో వదిలారు. బంగారం వేటగాళ్లు తవ్విన క్లియర్ క్రీక్‌లో కలిసే ఏరు అది. ట్రౌట్ అన్‌లిమిటెడ్ సంఘం వాలంటీర్లు నీళ్లూ చేపపిల్లలూ నింపిన సంచుల్ని వీపున కట్టుకుని కొండెక్కారు. వదలడం ఒక్కటే చాలదు, అవి తమంతట తాము పిల్లల్ని కనాలి. 2022లో రాష్ట్ర వన్యప్రాణి శాఖ ఆ మాట చెప్పింది: హెర్మన్ గల్చ్‌లో ఎవరూ వదలని పిల్లలు ఈదుతున్నాయి.

సీసాలు ఇంకా చెప్పడం ఆపలేదు. 1874లో పగోసా స్ప్రింగ్స్ దగ్గర చార్లెస్ ఐకెన్ పట్టిన రెండు చేపలు స్మిత్‌సోనియన్‌లో ఉన్నాయి. శాన్ హ్వాన్ నది కట్‌త్రోట్ వంశం వాటితోనే పోయిందని అనుకున్నారు. ఆ డీఎన్‌ఏ చేతిలో పెట్టుకుని జీవశాస్త్రవేత్తలు ఏళ్లన్నీ గాలిస్తే, నైరుతి కొలరాడోలో ఎనిమిది చోట్ల ఆ చేపలు బతికే ఉన్నాయని 2018లో తెలిసింది. అదే ఏడాది ఆ కొండలకు కార్చిచ్చు అంటుకుంది. తర్వాత వాన పడితే బూడిద కొట్టుకొచ్చి ఏరు నిండుతుందని సిబ్బందికి తెలుసు. వాళ్లు బకెట్లు పట్టుకుని ఆ ఏళ్లలోకి దిగి, దొరికినన్ని చేపల్ని ఎత్తి హేచరీకి తీసుకెళ్లారు.