ఘాటు తీసిన పొగ

పోయిన నెల మావాడి ప్యాంటు వాషింగ్ మెషిన్లో వెయ్యబోతూ జేబులు తడిమితే వేలెడంత నల్లటి వస్తువొకటి దొరికింది. పెన్ డ్రైవేమోనని తీసి బల్లమీద పెట్టాను. సాయంత్రం దాన్నక్కడ చూడగానే వాడి మొహం పాలిపోయింది. అది వేప్ అని అప్పటిగ్గానీ నాకు తెలియలేదు. వాడికి పదహారేళ్ళు.

"ఇది సిగరెట్ కాదు నాన్నా. పొగ ఉండదు, ఒట్టి ఆవిరే. దగ్గు కూడా రాదు" అన్నాడు.

దగ్గు రాదన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది.

మాది ఒంగోలు దగ్గర పల్లె. తాతయ్య సిగరెట్ల కోసం వర్జీనియా పొగాకు పండించేవాడు గానీ, తను కాల్చింది మాత్రం చుట్టే. ఎనిమిదేళ్ళప్పుడు ఆయన చూడకుండా ఒక్క దమ్ము లాగాను. కళ్ళనీళ్ళు కారేదాకా దగ్గి, ఆ పూటంతా కక్కుకున్నాను. మళ్ళీ దాని జోలికి పోలేదు. నన్ను కాపాడింది నా బుద్ధి కాదు, ఆ చుట్ట ఘాటు.

ఆ ఘాటు ఎలా పోయిందో చెప్పే కథ ఒకటి, మేమిప్పుడుంటున్న రాలీకి గంటన్నర దూరంలోనే జరిగింది. నార్త్ కరోలినాలోని కాస్వెల్ కౌంటీలో, 1839లో, స్లేడ్ అనే రైతు దగ్గర బానిసగా ఉన్న స్టీఫెన్, పొగాకు ఆరబెట్టే కొట్టంలో నిప్పు కాస్తూ నిద్రపోయాడట. మెలకువ వచ్చేసరికి నిప్పు ఆరిపోతోంది. కంగారుగా బొగ్గులు వేసి సెగ పెంచాడు. ఆకు బంగారు రంగుకి తిరిగింది. తర్వాత్తర్వాత గొట్టాల గుండా వేడి పంపి ఆకుని పండబెట్టే పద్ధతి స్థిరపడింది. మన బ్యారన్లలో జరిగేది ఇదే.

ఇలా చేసిన ఆకులో చక్కెర మిగిలిపోతుంది. దాంతో పొగకి కాస్త ఆమ్లగుణం వస్తుంది, గొంతుని గీరదు, ఊపిరితిత్తుల అడుగుదాకా పీల్చుకోవచ్చు. చుట్ట పొగది క్షారగుణం, గొంతు దగ్గరే అడ్డం పడుతుంది. చుట్ట మంచిదని కాదు నేననేది. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ వల్ల శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఎందరో ఆడవాళ్ళ అంగిలి ఎలా పుండైపోయిందో వైద్యులు రాసి పెట్టారు. కానీ చుట్ట కాల్చబోయిన పిల్లవాడు మొదటి దమ్ముకే భయపడేవాడు. సిగరెట్ ఆ భయం తీసేసింది.

1920ల్లో వర్జీనియా పొగాకు గుంటూరు జిల్లాకొచ్చింది. ఊరూరా బ్యారన్లు లేచాయి. ఆ డబ్బుతోనే తాతయ్య ఇల్లు కట్టాడు, నాన్న చదువుకున్నాడు, ఆ వెనక నేనూ చదువుకుని ఇంతదూరం వచ్చాను. కాబట్టి ఈ కథకి నేను బయటివాణ్ణి కాను.

1953లో, సిగరెట్ తారు పూసిన ఎలుకలకి కణితులు లేచాయన్న వార్త అమెరికాని కుదిపేసింది. డిసెంబరులో కంపెనీల పెద్దలు న్యూయార్క్ ప్లాజా హోటల్లో సమావేశమయ్యారు. 1954 జనవరి 4న 400కి పైగా పత్రికల్లో ప్రకటన వేయించారు. మా సరుకు హాని చేస్తుందని మేం నమ్మడంలేదు, అయినా మీ ఆరోగ్యమే మాకు ముఖ్యం అని దాని సారాంశం. ఆ రోజుల్లోనే ఫిల్టర్లు జోరందుకున్నాయి. కెంట్ సిగరెట్ల ఫిల్టర్లో 1952 నుంచి 1956 దాకా వాడినది ఏమిటో తెలుసా? ఆస్బెస్టాస్! ఆ తర్వాత 'లైట్' సిగరెట్లు వచ్చాయి. ఫిల్టరు చుట్టూ సన్నటి చిల్లులుండేవి. యంత్రం పీలిస్తే గాలి కలిసి తారు తక్కువ చూపించేది. మనిషి పీలిస్తే వేళ్ళు ఆ చిల్లుల్ని మూసేవి, దమ్ము మరింత లోతుకి పోయేది. ప్యాకెట్ మీద ఆ మాట రాయకూడదనడానికి అమెరికాకి 2010 దాకా పట్టింది.

పెద్దతనంలో తాతయ్య కూడా ఫిల్టర్ సిగరెట్లకి మారాడు. "ఫిల్టరుంది కదే" అని నాయనమ్మ నోరు మూయించేవాడు. చివరికి ఊపిరితిత్తుల జబ్బుతోనే పోయాడు.

ఇప్పటి వేప్‌కి రూపం ఇచ్చింది చైనాకి చెందిన హాన్ లిక్ అనే ఫార్మసిస్టు, 2003లో. ఆయన స్వయంగా సిగరెట్లు మానలేక అవస్థపడ్డవాడు. ఉద్దేశం మంచిదే. ఏళ్ళ తరబడి సిగరెట్ కాల్చినవాళ్ళు పూర్తిగా దీనికి మారితే విషాలు బాగా తగ్గుతాయని బ్రిటన్ ఆరోగ్య శాఖ ఇప్పటికీ అంటుంది. కానీ తొలి వేప్‌లలో నికోటిన్ కొద్దిగా పెంచినా గొంతు మండేది. 2015లో వచ్చిన జూల్, నికోటిన్‌కి బెంజోయిక్ ఆమ్లం కలిపి లవణంగా మార్చింది. ఘాటు పోయింది. కాస్వెల్ కౌంటీలో నిప్పు చేసిన పనే ఇక్కడ ఆమ్లం చేసింది. ఒక చిన్న పాడ్‌లో దాదాపు ఒక సిగరెట్ పెట్టెడు నికోటిన్, పైగా మామిడిపండు రుచి! గత నెల రోజుల్లో వేప్ వాడామన్న హైస్కూలు పిల్లలు 2017లో 11.7 శాతం ఉంటే 2019కి 27.5 శాతం అయ్యారు. పొగాకు మీద బతికిన మా నార్త్ కరోలినాయే ఆ ఏడు జూల్ మీద దావా వేసి, 2021లో 4 కోట్ల డాలర్లకి ఒప్పించింది.

అది ఒట్టి ఆవిరి కాదు. సన్నటి తుంపరలు. వాటిలో నికోటిన్‌తో పాటు, కాయిల్ నుంచి వచ్చే నికెల్, సీసం వంటి లోహాలు ఉండవచ్చు. బాగా వేడెక్కితే ఫార్మాల్డిహైడ్ పుడుతుంది. పాతికేళ్ళ దాకా ఎదిగే మెదడుకి నికోటిన్ అలవాటైతే ఏకాగ్రత, చదువు, కోపతాపాల మీద పట్టు దెబ్బతింటాయి. 2019లో వేప్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలయ్యారు, వాళ్ళలో 68 మంది పోయారు. అందులో ఎక్కువ కేసులకి కారణం గంజాయి నూనెలో కలిపిన విటమిన్ ఈ ఎసిటేట్ అని తేలింది. నిజమే, ఆ పాపం వేప్‌లన్నిటి మీదా వెయ్యలేం. కానీ మింగితే, ఒంటికి రాసుకుంటే ఏమీ చెయ్యనిది కూడా పీలిస్తే ప్రాణం తీస్తుందని అది నేర్పింది.

సిగరెట్ నిజస్వరూపం తేలడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది. వేప్ వయసింకా ఇరవై చిల్లరే. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఏమవుతుందన్న ప్రశ్నకి జవాబు రావలసింది మన పిల్లల ఊపిరితిత్తుల్లోంచే.

వాణ్ణి తిట్టలేదు. తాతయ్య గురించి, చుట్ట గురించి, స్టీఫెన్ గురించి ఇదంతా చెప్పాను. "దగ్గు రావాలిరా. దగ్గంటే ఒళ్ళు వద్దని చెప్పడం. వాళ్ళు తీసేసింది ఆ వద్దు అన్న మాటనే" అన్నాను. వాడేమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున తనే వచ్చి, రెండు గంటల పరీక్షలో కూడా దాని మీదికే ధ్యాస పోతోందని ఒప్పుకున్నాడు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మానేసి ఇవాళ్టికి పదకొండో రోజు. చిరాకు పడుతున్నాడు, తలుపులు ధడాలున వేస్తున్నాడు. వేసుకోనీ. 2024 నాటికి వేప్ వాడే హైస్కూలు పిల్లలు 7.8 శాతానికి తగ్గారని చదివాను. అంటే మానడం సాధ్యమే, మానినవాళ్ళున్నారు.

మీ ఇంట్లోనూ ఎప్పుడైనా అలాంటి పెన్ డ్రైవ్ దొరికితే, కాస్త పరీక్షగా చూడండి.