పల్నాట చాప చుట్టేసిన నాడు

పల్నాటి పౌరుషం అనగానే అందరికీ కత్తి గుర్తొస్తుంది. నాకు చాప గుర్తొస్తుంది. కారంపూడిలో నాగులేరు ఒడ్డున నిలబడ్డ ప్రతిసారీ అంతే. వీరుల గుడిలో ఆయుధాలకు జనం దండాలు పెడుతుంటే, ఈ కత్తులన్నిటికంటే ముందు ఇక్కడ ఒక చాప పరిచారు కదా, దాన్ని ఎవరు చుట్టేశారు అని మనసు పీకుతుంది.

కథ మొదలు మన ఊళ్లలో ఏ ఇంట్లోనైనా జరిగేదే. హైహయ వంశపు అనుగురాజు వెలనాటి గొంకరాజు కూతురు మైలమను పెళ్లాడి పల్నాడును అరణంగా పుచ్చుకున్నాడంటారు. ఆయన పోయాక సవతి బిడ్డల మధ్య పంపకం వచ్చింది. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు. నలగాముడి వెనుక నాగమ్మ, మలిదేవుడి వెనుక బ్రహ్మనాయుడు. చరిత్రకారులు 1182 ప్రాంతమని లెక్కగట్టే యుద్ధానికి విత్తనం అక్కడ పడింది.

బ్రహ్మనాయుడు రేచర్ల వారి బిడ్డ, దొడ్డనాయుడి కొడుకు. చంద్రవంక ఒడ్డున మాచర్ల చెన్నకేశవుడి భక్తుడు. ఆయన చేసిన పనుల్లో యుద్ధం చిన్నది. పెద్దది చాపకూడు. అన్ని కులాల వాళ్లనూ ఒకే చాప మీద పక్కపక్కన కూర్చోబెట్టి అన్నం తినిపించడం. ఇవాళ చదువుతుంటే అదేం గొప్పా అనిపించొచ్చు. ఎనిమిది వందల ఏళ్ల నాటి సంగతి అనుకుని ఒక్కసారి ఆ చాప మీద కూర్చుని చూడండి. ఎడమ పక్కన ఎవరు, కుడి పక్కన ఎవరు, కలుపుకున్న ముద్ద నోటిదాకా వెళ్తుందా, ఇంటికెళితే ఏమంటారు, చుట్టాలు గడప తొక్కనిస్తారా? రణంలో దూకడానికి ఒక్క క్షణం తెగింపు చాలు. ఈ పంక్తిలో రోజూ కూర్చోవాలంటే రోజూ తెగించాలి. కూర్చోబెట్టినవాడికి ఇంకా ఎక్కువ తెగింపు ఉండాలి. మాల కన్నమదాసును ఆయన కొడుకుగా చేరదీసి సేనకు నాయకుణ్ణి చేశాడు. నాకు తెలిసి పల్నాటి వీరచరిత్ర మొత్తంలో ఇంతకు మించిన సాహసం లేదు.

నాగమ్మ సంగతీ చెప్పాలి. కథలు చెప్పేవాళ్లు, సినిమాలు తీసినవాళ్లు ఆమెను కుట్రల పుట్టను చేశారు. 1947 సినిమాలో కన్నాంబ, 1966లో భానుమతి ఆ పాత్రకు ప్రాణం పోశారు కాబట్టి సరిపోయింది. జిట్టగామాలపాడు నుంచి వచ్చిన విధవరాలు రాజు ఇచ్చిన మాటను పట్టుకుని మంత్రి అయింది, సేన నడిపింది. నాయకురాలు అన్న పేరు ఆమెకు ఎవరూ దానం చేయలేదు. ఆమె ఎత్తులను నేను మెచ్చుకోను. ఆమె గుండెను కాదనలేను.

కోడిపందెం అందరికీ తెలిసిందే. నాగమ్మ పుంజు గెలిచింది, మోసం చేసి గెలిపించిందంటారు. ఓడిన మాచర్ల వాళ్లు ఏడేళ్లు వలస పోయారు. బ్రహ్మనాయుడు ఆ ఏడేళ్లూ ఓర్చుకున్నాడు. గడువు తీరాక రాజ్యం ఇమ్మని అడగడానికి కొమ్మరాజు కొడుకు అలరాజును రాయబారిగా గురజాల పంపారు. అతడు నలగామరాజుకు స్వయానా అల్లుడు. అల్లుడికి అత్తారింట ఏం భయం అనుకున్నారు కాబోలు. తిరుగుదారిలో చర్లగుడిపాడు దగ్గర విషం పెట్టి చంపారు. భార్య పేరిందేవి సహగమనం చేసింది. తండ్రి ఊరి మీద ఆమె ఎంత మండిపడి ఉంటుందో ఊహించుకోవలసిందే.

అప్పటికీ బ్రహ్మనాయుడు సంధి వైపే మొగ్గాడు. ఒక్కగానొక్క కొడుకు బాలచంద్రుణ్ణి రణభూమికి దూరంగా ఇంటిపట్టునే ఉంచాడు. పెద్దలంతా రణభూమి అయిన కారంపూడిలో ఉంటే కుర్రవాడు బొంగరాలాడుకుంటున్నాడు. ఒకనాడు విసిరిన బొంగరం పోయి ఒక ఆడమనిషి కాలికి తగిలింది. మీ వాళ్లంతా అక్కడ చావుకు సిద్ధమై కూర్చుంటే నీకిక్కడ ఆటలా అని ఆమె దెప్పింది. అంతే, బాలుడు బొంగరం పారేశాడు. తల్లి ఐతాంబ ఎంత చెప్పినా వినలేదు. కాపురమైనా చేయని భార్య మాంచాల దగ్గరికి సెలవు తీసుకోవడానికి వెళ్లాడు. ఆ పిల్ల కన్నీళ్లు మింగి వీరతిలకం దిద్ది పంపింది. ఈ ఘట్టం దగ్గర బుర్రకథ దళాలు గొంతెత్తుతాయి, జనం ఈలలు వేస్తారు. నాకు ఈల రాదు.

బాలుడి వెంట వేరువేరు కులాల అన్నదమ్ములు కదిలారు. అందరూ ఐతాంబ చేతి ముద్ద తిని పెరిగినవాళ్లు, చాపకూటి బిడ్డలు. వాళ్లలో అనపోతు బ్రాహ్మణుడు. తన కోసం ఒక బ్రాహ్మణుడు చస్తే ఆ పాపం తనకెందుకనుకున్నాడు బాలుడు. ఇంటి దగ్గర ఏదో మరచిపోయానని చెప్పి అతణ్ణి వెనక్కి తరిమాడు. అనపోతు పరుగున వెళ్లి, పరుగున వచ్చాడు. దారిలో ఎవరూ లేరు. తనను కావాలనే వదిలేసి వెళ్లారని తెలిసింది. అక్కడే తన ప్రాణం తానే తీసుకున్నాడు. బతకమని పంపిన మనిషే వాళ్లలో మొదట పోయాడు. ఒకే చాప మీద పెరిగినవాణ్ణి కులం చూసి పక్కన పెట్టిన ఆ ఘడియలోనే బ్రహ్మనాయుడి చాపకు చిరుగు పడిందని నాకనిపిస్తుంది. ప్రేమతోనే చేశాడు, కాదనను.

బాలచంద్రుడు వచ్చాక కారంపూడిలో సంధి మాట చెల్లలేదు. ఏడేళ్లు ఓర్చిన తండ్రి మాట కుర్రవాడి ఆవేశం ముందు తేలిపోయింది. ఓర్పును పిరికితనం అన్నవాడికి ఏ నాయకుడూ జవాబు చెప్పి గెలవలేడు, ఆ అన్నవాడు కన్నకొడుకైతే మరీనూ. అలరాజు చావుకు పగ తీర్చుకుంటూ బాలుడు నలగాముడి తమ్ముడు నరసింగరాజును చంపాడు. తానూ పడ్డాడు. కన్నమదాసు, మలిదేవాదులు, చాప మీద కూర్చున్నవాళ్లు, వాళ్లకు ఎదురు నిలిచినవాళ్లు, వరుసగా అందరూ. నాగులేరు నెత్తురైందని గాథ. మాచర్ల ఖాళీ అయింది, గురజాలకు మిగిలిందీ ఏమీ లేదు. ఈ పోరుకు బలం ధారపోసిన వెలనాటి చోళులు చితికిపోయారు, కొన్నాళ్లకు కాకతీయులు వచ్చి ఆ నేలంతా కలుపుకున్నారు.

బ్రహ్మనాయుడు మిగిలాడు. చేతికి చిక్కిన నాగమ్మను చంపలేదు. నలగాముడికే రాజ్యం అప్పగించి గుత్తికొండ బిలంలోకి నడిచి వెళ్లిపోయాడంటారు. కొడుకు శవం మీద కట్టుకున్న గెలుపు ఆయనకు అక్కర్లేకపోయింది.

ఈ కథ చెప్పే, శ్రీనాథుడి పేర ఉన్న ద్విపదను అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించారు. పుస్తకంలో కత్తులే ఎక్కువ మెరుస్తాయి. చాప మాత్రం కారంపూడిలో ఉంది. ఏటా కార్తీక అమావాస్యకు వీరుల తిరునాళ్లు ఐదు రోజులు జరుగుతాయి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. మూడో నాడు మందపోరు. ఆ రోజు చాపకూడు పెడతారు. వెళితే ఆయుధాలు చూసి తిరిగి రాకండి, పంక్తిలో కూర్చుని ఒక ముద్ద తిని రండి.