దేవదేవి వాకిట విప్రనారాయణుడు



ధనుర్మాసం రాగానే మన ఊళ్ళలో హరిదాసు గొంతు వినిపిస్తుంది, ముంగిట ముగ్గుల మీద గొబ్బెమ్మలు వెలుస్తాయి. కావేరి నడుమ ఉన్న శ్రీరంగంలో ఆ నెల తెల్లవారుజామున 'తిరుప్పళ్ళియెళుచ్చి' పాడతారు. పేరు పలకడానికి మనకు కాస్త కష్టమే కాని, అర్థం తేలిక. స్వామివారి మేలుకొలుపు అని. మొత్తం పది పాశురాలు. వాటిని రచించినవాడు ఒకానొకప్పుడు ఒక గణిక వాకిట, మూసిన తలుపు ముందు, రాత్రిళ్ళు పడి ఉన్నవాడని వైష్ణవ సంప్రదాయం చెబుతుంది. ఆయనే విప్రనారాయణుడు. తమిళులకు తొండరడిప్పొడి ఆళ్వారు.

ఈ పేరు వినగానే మన పెద్దలకు 1954లో వచ్చిన భరణీ వారి చిత్రమూ, అందులో నాగేశ్వరరావు, భానుమతీ గుర్తుకు రావడం సహజం. ఆ కథ అందరికీ తెలిసిందే కనుక క్లుప్తంగా చెప్పుకుందాం. విప్రనారాయణుడు చోళదేశంలో, కుంభకోణం దగ్గరి తిరుమండంగుడిలో పుట్టాడు. పెళ్ళి మాట తలపెట్టక శ్రీరంగం చేరి, పూలతోట వేసుకుని, రోజూ రంగనాథుడికి మాలలు కట్టి సమర్పించేవాడు. కొల్లిడం అవతలి ఒడ్డున తిరుక్కరంబనూరు ఉంది. అక్కడి గణిక దేవదేవి, తన అక్కతో కలిసి ఒరయూరు రాజసభ నుంచి వస్తూ ఆ తోటలో ఆగింది. ఎదుట అంత అందగత్తె నిలబడితే ఆయన తల ఎత్తి చూడనైనా లేదు. ఆమెకు పౌరుషం వచ్చింది. ఆరు నెలల్లో ఇతణ్ణి నా వెంట తిప్పుకుంటానని అక్కతో పందెం కట్టి, నిరాడంబరమైన చీర కట్టుకుని, తోటకు నీళ్ళు పోసే పనికి కుదిరింది. ఒక వానరోజు తడిసి నిలబడ్డ ఆమెను ఆయన లోపలికి రమ్మన్నాడు. అంతే.

తరువాత మాలలు ఆగిపోయాయి. ఆమె వెంట ఆమె ఇంటికి వెళ్ళాడు. ఉన్నదంతా అయిపోయింది. తలుపు మూసుకుంది.

ఇక్కడ మనం కొంచెం ఆగాలి. హరికథల్లోనూ పురాణ కాలక్షేపాల్లోనూ ఈ ఘట్టాన్ని చాలామంది తొందరగా దాటవేస్తారు. ఆమె కాదన్నది, ఆయనకు జ్ఞానోదయమైంది, మళ్ళీ భక్తుడయ్యాడు అని మూడు ముక్కల్లో ముగిస్తారు. కాని సంప్రదాయ కథ అలా లేదు. వెళ్ళగొట్టిన తరువాత కూడా ఆయన గుడికి వెళ్ళలేదు. దేవదేవి ఇంటి అరుగు దగ్గరే పడి ఉన్నాడు. కాదన్న మనిషిని తలుచుకుంటూ, తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందా అని చూస్తూ ఉన్నాడు. రంగడు ఆ సమయంలో ఆయన మనసులోనే లేడు. అంటే తిరస్కారం భక్తిని వెంటనే పుట్టించలేదు. మొదట ఉన్న భక్తి ప్రేమతో పోయింది, ఆ ప్రేమ తలుపు మూయడంతో పోయింది. రెంటికీ చెడిన రేవడిలా మిగిలాడు. మనసు విరిగినవాడి స్థితి ఇదేనని తెలిసినవారే ఈ కథ కట్టారని నాకు అనిపిస్తుంది.

ఆ తరువాతిది మరీ విచిత్రం. రంగనాథుడు ఆయనను మందలించడానికి రాలేదు. గర్భగుడిలోని బంగారు గిన్నె పట్టుకుని, అళగియ మణవాళుడనే పేరుతో సేవకుడిలా దేవదేవి ఇంటికే వెళ్ళాడు. విప్రనారాయణుడు పంపించాడని చెప్పి గిన్నె ఇచ్చి వచ్చాడు. తలుపు తెరుచుకుంది! అళగియ మణవాళుడంటే అందమైన పెళ్ళికొడుకు. శ్రీరంగంలో ఉత్సవమూర్తి పేరు అదే. దేవుడు తన భక్తుడి కోసం వేశ్య ఇంటికి రాయబారం వెళ్ళాడని చెప్పుకోవడానికి ఆ వైష్ణవ ఆచార్యులకు ఎంత ధైర్యం ఉండాలి! తెల్లవారాక గిన్నె కనబడలేదు. దొంగతనం విప్రనారాయణుడి మీద పడింది. రాజు చెరలో పెట్టించాడు. చివరకు స్వామి రాజుకు కలలో కనిపించి నిజం చెప్పి విడిపించాడు. ఆ అవమానం తరువాతే ఆయన మళ్ళీ పూలబుట్ట పట్టాడు. దేవదేవి కూడా తన ఆస్తిని రంగడికి ఇచ్చి భక్తురాలైందంటారు.

ఇంతవరకూ కథ. ఇక చరిత్ర మాట. పండితులు ఈ ఆళ్వారును సుమారు 8, 9 శతాబ్దాల్లో ఉంచుతారు. దేవదేవి పేరు, బంగారు గిన్నె, చెరసాల, ఇవన్నీ ఎంతో కాలం తరువాత రాసిన ఆళ్వారుల చరిత్రల్లోవి. సంస్కృతంలో 'దివ్యసూరి చరితం', తమిళ మణిప్రవాళంలో 'గురుపరంపరా ప్రభావం' అలాంటివి. ఆళ్వారు స్వయంగా రాసినవి రెండే. ఒకటి మేలుకొలుపు, రెండవది 45 పాశురాల 'తిరుమాలై'. ఇది మన తిరుమల కాదు సుమండీ! మాలై అంటే మాల. పూలమాలలు కట్టిన చేతితో కట్టిన పాటల మాల అన్నమాట. ఈ రెండింటిలోనూ దేవదేవి పేరు లేదు, గిన్నె లేదు, కారాగారం లేదు.

మరి ఏముంది? ఒక పాశురంలో తాను జూదరిగా, దొంగగా, ధూర్తులతో తిరిగిన కాలాన్ని, ఆడవారి కన్నుల వలలో చిక్కుకుని మునిగిపోవడాన్ని ఆయన ఒప్పుకుంటాడు. ఈ వల మాటను పట్టుకుని ఆడదాన్ని తిట్టిపోసే ప్రవచనాలు మనం విన్నాం. ఆళ్వారు మాత్రం ఆ తరువాతి పాశురాల్లో నిందనంతా తన మీదనే వేసుకున్నాడు. అన్నిటికంటే నన్ను కదిలించేది 34వ పాశురం. తాను దాసుడి వేషం వేసుకుని తిరిగాడట. లోపలే కూర్చున్న స్వామికి ఆ దొంగ తలపులన్నీ తెలుసునని ఒకనాడు తట్టిందట. సిగ్గుతో, పక్కటెముకలు విరిగేంతగా, తనలో తానే నవ్వుకున్నాడట. ఏడవలేదు, గమనించారా? ప్రేమలో దెబ్బ తిన్నవాడు దేవుణ్ణి నిలదీయడం మనకు తెలుసు. నాకే ఎందుకిలా చేశావని అడగడం తెలుసు. తన వేషాన్ని చూసి తానే నవ్వుకున్నవాడు అరుదు.

మరొక చోట తనకు ఊరు లేదు, కాణి లేదు, చుట్టం లేదు, నీ పాదం తప్ప ఏదీ పట్టుకోలేదని చెప్పుకున్నాడు. చివరి పాశురాల్లో ఇంకా ముందుకు వెళ్ళాడు. నాలుగు వేదాలు చదివినవారైనా సరే, కులం తక్కువదని భక్తుణ్ణి నిందిస్తే ఆ క్షణమే తామే పతితులవుతారన్నాడు. తొండరడిప్పొడి అంటే భక్తుల పాదధూళి. ఒక వాకిట ధూళిలో పడి ఉన్నవాడు తరువాత ఆ పేరు పెట్టుకున్నాడంటే, ఆ రెంటికీ సంబంధం ఉందని నా ఊహ. ఊహ మాత్రమే.

మన తెలుగువారికి ఈ కథ మీద మొదటినుంచీ మక్కువ ఎక్కువ. చదలువాడ మల్లయ 'విప్రనారాయణ చరిత్ర' రాశాడు. కుతుబ్‌షాహీల నాటి గోలకొండ సీమలో సారంగు తమ్మయ 'వైజయంతీ విలాసం' రాశాడు. ఆళ్వారు విష్ణువు మెడలోని వైజయంతీ మాల అంశ అని నమ్మకం, అందుకే ఆ పేరు. శ్రీరంగానికీ మనకూ ఉన్న చుట్టరికం ఒక్క కథతో ఆగలేదు. 18వ శతాబ్ది తొలి దశకాల్లో మధుర నాయకుడు విజయరంగ చొక్కనాథుడు తెలుగు వచనంలో 'శ్రీరంగ మాహాత్మ్యం' రాశాడు. ఆయన నిలువెత్తు బొమ్మ చేతులు జోడించి ఇప్పటికీ ఆ గుడిలో నిలబడి ఉంది. హోసూరు నుంచి కోవిల్పట్టి దాకా ఇంట్లో తెలుగూ వీధిలో తమిళమూ మాట్లాడుకునే మనవాళ్ళు శ్రీరంగం వెళ్ళినప్పుడు ఆ బొమ్మనూ చూసి రావాలి.

అక్కడ ఇంకొక మాట కూడా చెబుతారు. తిరుమంగై ఆళ్వారు గుడికి ప్రాకారం కట్టిస్తుంటే విప్రనారాయణుడు మాలలు కట్టే చోటు అడ్డు వచ్చిందట. ఆ చోటును కదపకుండా గోడనే పక్కకు తిప్పించాడట.

మేలుకొలుపులోని పదవ పాశురంలో, ఆళ్వారుల రివాజు ప్రకారం, కవి తన పేరు చెప్పుకోవాలి. కావేరిలో తామరలు విచ్చాయని, స్నానాలు ముగించిన స్త్రీలు గట్టెక్కుతున్నారని చెబుతూ వచ్చి, తనను తాను పరిచయం చేసుకుంటాడు. అప్పుడు ఆయన చేతిలో తులసిమాల ఉంది, భుజాన పూలబుట్ట ఉంది.