కౌమార ఆందోళన రుగ్మతలు: కుంగుబాటు మందుల దుష్ప్రభావాలు

పేరుకు కుంగుబాటు మందులే అయినా, ఎస్‌ఎస్‌ఆర్‌ఐ తరగతి ఔషధాలను కౌమారుల ఆందోళన రుగ్మతలకూ విరివిగా వాడతారు. సెర్ట్రాలిన్, ఫ్లూఆక్సెటిన్, ఎసిటాలోప్రామ్, ఫ్లువాక్సమిన్ వీటిలో ముఖ్యమైనవి. నాడీకణాల మధ్య విడుదలైన సెరటోనిన్ తిరిగి కణంలోకి చేరకుండా ఇవి అడ్డుకుంటాయి. ఇదే అవసరానికి వాడే డ్యులాక్సెటిన్ వేరే తరగతిది. నార్‌ఎపినెఫ్రిన్ మీదా పనిచేస్తుంది కాబట్టి రక్తపోటును గమనిస్తూ ఉండాలి.

శరీరంలోని సెరటోనిన్‌లో అధికభాగం పేగుల్లోనే ఉంటుంది. వికారం, కడుపునొప్పి, విరేచనాలు మొదట కనిపించడానికి ఇదొక కారణం. తలనొప్పి, నిద్రలేమి లేదా మత్తు, చెమటలు, ఆకలిలో మార్పు కూడా సాధారణమే. వీటిలో చాలావరకు కొన్ని వారాల్లో తగ్గుతాయి. లైంగిక సమస్యలు మాత్రం కొనసాగవచ్చు. అడిగితే తప్ప ఈ వయసువారు చెప్పరు.

గుర్తించడం కష్టమైనది ఉద్రేక స్థితి. కుదురు లేకపోవడం, చిరాకు, దుడుకుతనం, నిద్ర పట్టకపోవడం దీని లక్షణాలు. మందు మొదలుపెట్టిన లేదా మోతాదు పెంచిన తొలి వారాల్లో ఇది వస్తుంది. చిన్న పిల్లల్లో ఎక్కువ. ఆందోళనే ముదిరిందని పొరబడి మోతాదు పెంచితే పరిస్థితి విషమిస్తుంది. మితిమీరిన ఉత్సాహం, నిద్ర అవసరమే లేదనిపించడం కనిపిస్తే ఉన్మాద దశ వచ్చిందేమో పరిశీలించాలి.

ఆత్మహత్యా ఆలోచనల విషయంలో భిన్నాభిప్రాయాలున్నాయి. 4,400కు పైగా పిల్లలు, కౌమారులు పాల్గొన్న 24 క్లినికల్ పరీక్షల్లో అలాంటి ఆలోచనలు లేదా ప్రవర్తన మందు వాడినవారిలో సుమారు 4 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 2 శాతం ఉన్నట్టు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ లెక్కగట్టింది. ఆ పరీక్షల్లో ఆత్మహత్యలేవీ జరగలేదు. ఆ సంస్థ 2004 అక్టోబరులో మందుల సమాచార పత్రంపై అత్యంత తీవ్రమైన బ్లాక్ బాక్స్ హెచ్చరికకు ఆదేశించి, 2007లో దాన్ని 24 ఏళ్ల వయసు వరకు విస్తరించింది. అదే ఏడాది వెలువడిన 27 పరీక్షల విశ్లేషణలో ఈ తేడా 0.7 శాతమే, ఆందోళన రుగ్మతల్లో మేలు మరింత స్పష్టంగా కనిపించింది. పిల్లల ఆందోళన రుగ్మతల చికిత్సపై 2008లో ప్రచురితమైన క్యామ్స్ పరీక్షలో 7–17 ఏళ్లవారు 488 మంది పాల్గొన్నారు. 12 వారాల్లో సెర్ట్రాలిన్‌తో 55 శాతం, ఉత్తుత్తి మాత్రతో 24 శాతం, సెర్ట్రాలిన్‌కు ప్రవర్తనా చికిత్స జోడించినప్పుడు 81 శాతం మెరుగయ్యారు. సెర్ట్రాలిన్ వర్గంలో ఆత్మహత్యా ఆలోచనలు ఉత్తుత్తి మాత్ర వర్గంలో కన్నా ఎక్కువగా లేవు. అయితే అరుదైన ప్రమాదాన్ని కొలవడానికి ఇంత చిన్న పరీక్ష చాలకపోవచ్చు. మందును నిరాకరించడం కన్నా తొలి వారాల్లో తరచూ పరీక్షించడమే మేలన్న వాదానికి ఈ ఆధారాలు బలమిస్తున్నాయి.

మందును హఠాత్తుగా ఆపితే తలతిరుగుడు, వికారం, విద్యుత్ షాక్ లాంటి జలదరింపు కలగవచ్చు. ఇదే తరగతికి చెందిన పరాక్సెటిన్‌తో ఇవి ఎక్కువ. శరీరంలో చాలాకాలం నిలిచే ఫ్లూఆక్సెటిన్‌తో తక్కువ. అందుకే మోతాదును క్రమంగా తగ్గిస్తారు. నొప్పి మందు ట్రమడాల్, యాంటీబయాటిక్ లినెజోలిడ్ వంటి వాటితో కలిస్తే అరుదుగా సెరటోనిన్ మితిమీరే సెరటోనిన్ సిండ్రోమ్, నొప్పి మందు ఐబుప్రోఫెన్‌తో రక్తస్రావం సంభవించవచ్చు. మరో ఎస్‌ఎస్‌ఆర్‌ఐ సిటాలోప్రామ్ పెద్ద మోతాదులో గుండె లయను దెబ్బతీయవచ్చు. ఎదిగే వయసు కాబట్టి దీర్ఘకాలం వాడేవారి ఎత్తు, బరువు నమోదు చేస్తారు.