అస్లీ డాక్టర్ ఎవరిది?

మొన్న ఇత్వార్ రాత్రి దస్తర్‌ఖాన్ ఎత్తకముందే మా ఇంట్లో బహస్ మొదలైంది. మా భాయిజాన్ కూతురుకి 'డాక్టర్ హూ' అంటే ప్రాణం. "చిచ్చా, మోఫట్ వెళ్లిపోయాక వచ్చేది అస్లీ డాక్టర్ హూ కాదు" అంటుంది. మా వాడు ఒప్పుకోడు. "చిబ్నల్ టైమ్‌లో వచ్చిన పంజాబ్ కథ చూశాక మాట్లాడు" అని వాడి జిద్ద్. ఇద్దరూ కలిసి నన్ను మున్సిఫ్‌ని చేశారు.

నేను చదివింది ఉర్దూ మీడియం, డిగ్రీ తెలుగులో, రోటీ అఖ్బార్‌లో. ఫైసలాకి ముందు తారీఖ్ తిరగేయడం నా ఆదత్. తెలుగులో తారీఖంటే తేదీ. ఉర్దూలో చరిత్ర కూడా అదే.

ఈ సీరియల్ మొదలైంది 1963 నవంబర్ 23న, కెనెడీ హత్య జరిగిన మర్నాడు, బీబీసీలో. నిర్మాత వెరిటీ లాంబర్ట్‌కి అప్పుడు 27 ఏళ్లు. మొదటి కథకి దర్శకుడు వారిస్ హుస్సేన్. లక్నోలో పుట్టినవాడు, రచయిత్రి అతియా హుస్సేన్ కొడుకు. ఈ పేరు విని పిల్లలిద్దరూ కాసేపు ఖామోష్ అయిపోయారు.

బీబీసీ డ్రామా విభాగాన్ని నడిపిన సిడ్నీ న్యూమన్ మక్సద్ పిల్లలకి వినోదంతో పాటు చరిత్ర, సైన్సు చెప్పడం. గుడ్లు మిటకరించే రాక్షసులు వద్దని ఆయన షరతు. నెల తిరక్కముందే లాంబర్ట్ డాలెక్‌లని దింపింది. న్యూమన్ మండిపడ్డాడు, జనం ఫిదా అయిపోయారు. అంటే "ఇది అస్లీ కాదు" అన్న షికాయత్‌కి కూడా సీరియల్ అంత ఉమర్ ఉంది.

1970లలో హించ్‌క్లిఫ్ భయపెట్టాడు. పిల్లలు జడుసుకుంటున్నారని మేరీ వైట్‌హౌస్ గొడవ చేసింది. తర్వాత విలియమ్స్ నవ్వులు పెంచాడు. 1989లో సీరియల్ ఆగిపోయింది. 2005లో రస్సెల్ డేవీస్ దాన్ని లేపి ఇల్లు, అమ్మ, మొహబ్బత్ కలిపాడు. 2010 నుంచి మోఫట్ కాలాన్ని చిక్కుముడిగా అల్లాడు. 2018లో చిబ్నల్ వచ్చాడు, డాక్టర్‌గా మొదటిసారి ఒక ఔరత్ వచ్చింది. 2023లో మళ్లీ డేవీసే.

ఇక పంజాబ్ కథ. రాసింది వినయ్ పటేల్. యాస్మిన్ ఖాన్ అనే అమ్మాయి తన నానీ గతం చూడ్డానికి 1947 ఆగస్టుకి వెళ్తుంది. నానీ అప్పుడు ఒక హిందూ యువకుడితో నికాహ్‌కి సిద్ధంగా ఉంది. అతన్ని చంపే గుంపులో అతని సొంత తమ్ముడే ఉంటాడు. డాక్టర్ ఆపలేదు. ఆపితే యాస్మినే పుట్టదు.

"ఏమీ చేయకపోతే ఇంక డాక్టర్ ఎందుకు?" అంటుంది మా అమ్మాయి. కానీ బేటీ, 1964లోనే అజ్‌టెక్‌ల కథలో బార్బరా నరబలి ఆపాలని చూసి ఓడిపోయింది. నువ్వు కొత్త అంటున్నది అన్నిటికన్నా పాతది. నీ మాటలోనూ హక్ ఉంది. 2020లో చిబ్నల్ డాక్టర్ పుట్టుక కథనే మార్చేశాడు. నచ్చకపోతే నచ్చలేదను. నీది కాదని మాత్రం అనకు. ఇది ఎవరి జాగీర్ కాదు, ఒకరి తర్వాత ఒకరికి అందే అమానత్.

ఆ కథ చూస్తుంటే నాకు మా నానీ గుర్తొచ్చింది. 1948 పోలీస్ యాక్షన్ నాటికి ఆమె చిన్నపిల్ల. అడిగితే "జానే దో బేటా" అని పాన్‌దాన్ దగ్గరికి లాక్కునేది. అఖ్బార్‌లో పనిచేస్తూ కూడా నేను రెండోసారి అడగలేదు.

వారిస్ హుస్సేన్ 1964లో తీసిన మార్కో పోలో కథ కదిలే బొమ్మలు ఇవాళ లేవు. బీబీసీ టేపులు చెరిపేసింది. మాటలు మాత్రం మిగిలాయి, అభిమానులు ఇళ్లలో టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టుకుని రికార్డు చేశారు కాబట్టి.

మా నానీ గొంతు ఎవరూ రికార్డు చేయలేదు. మీ ఇంట్లో నానీ, దాదీ ఇంకా ఉంటే, ఈ ఇత్వార్ ఫోన్ ఆమె పక్కన పెట్టి అడగండి. "జానే దో" అంటే ఇంకోసారి అడగండి.