కలకత్తా గూండా ముఠాలు, చట్టాలు

కలకత్తా (2001 నుంచి అధికారికంగా కోల్‌కతా) పేటల మీద పట్టు కోసం తలపడిన నేర ముఠాలూ, వాటిని అణచడానికి వచ్చిన చట్టాలూ ఈ వ్యాస విషయం. పేటను బెంగాలీలో 'పాడా' అంటారు, పాడాను గుప్పిట్లో పెట్టుకున్న రౌడీని 'మస్తాన్' అంటారు. ఈ ముఠాలకన్నా ముందు, 18, 19 శతాబ్దాల్లో, జమీందార్లు లాఠీధారులను జీతమిచ్చి పోషించేవారు.

1923 చట్టం: మొదటి ప్రపంచ యుద్ధం తరవాత జూదగృహాలు, కొకైన్ వ్యాపారం పెరిగాయి. నగరంలోని బడాబజార్ వర్తకుల నుంచి ఫిర్యాదులు వచ్చిపడ్డాయి. బెంగాల్ ప్రభుత్వం 1923లో గూండాల చట్టం తెచ్చింది. పోలీసు కమిషనర్ నివేదిక ఆధారంగా, మామూలు విచారణ లేకుండానే, గూండాగా తేలినవాణ్ణి నగరం నుంచి బహిష్కరించవచ్చు. గూండా అంటే ఎవరో ఆ చట్టం సూటిగా చెప్పలేదు. ఫలానా నేరం చేశాడని రుజువు చెయ్యక్కర్లేదు, అలాంటివాడన్న పేరుంటే చాలు. ఆ వేటు ఎక్కువగా బీహార్, సంయుక్త పరగణాల నుంచి పొట్టకూటికి వచ్చినవారి మీద పడింది. గూండా ఎవరో సూటిగా చెప్పని ఈ లోపం చిన్నది కాదు, తరవాతి చట్టాలనూ ఇదే వెన్నాడింది.

1946: ఆగస్టు 16న కలకత్తాలో మొదలైన హిందూ-ముస్లిం మారణకాండలో సుమారు 4,000 మంది చనిపోయారని సాధారణంగా చెబుతారు. అసలు సంఖ్య ఇంకా ఎక్కువని వాదించేవారూ ఉన్నారు. రెండు మతాల పక్షానా పాడా ముఠాలే ముందు నిలిచాయి. వీటిలో ఒకదాని నాయకుడు గోపాల్ ముఖర్జీ. కుటుంబానికి మేకమాంసం దుకాణం ఉండటంతో ఆయనను 'గోపాల్ పాఠా' (పాఠా అంటే మేక) అని పిలిచేవారు. 1947 సెప్టెంబరు 1న గాంధీ నగరంలోని బేలియాఘాటాలో శాంతి కోసం నిరాహార దీక్షకు కూర్చోగా ముఠాలు ఆయుధాలు తెచ్చి అప్పగించాయి, ముఖర్జీ మాత్రం ఇవ్వలేదు. ఫెడరల్ కోర్టు ప్రధాన న్యాయమూర్తి పాట్రిక్ స్పెన్స్ అధ్యక్షతన 1946 మారణకాండపై వేసిన విచారణ సంఘం సంపుటాల కొద్దీ సాక్ష్యాలు నమోదు చేసింది గాని, నివేదిక ఇవ్వకుండానే ముగిసిపోయింది. చనిపోయినవారికి అది తీరని బాకీ.

న్యాయస్థానాలు: 1949లో కలకత్తా పక్కనున్న డమ్‌డమ్ జెసప్ కర్మాగారంపై సాయుధ దాడి జరిగింది. ఆ కేసు ముద్దాయిలను ప్రత్యేక కోర్టులో విచారించడం చెల్లదని 1952లో సుప్రీంకోర్టు అన్వర్ అలీ సర్కార్ కేసులో తేల్చింది. సమానత్వ హక్కు గురించి నేటికీ ఉదహరించే తీర్పు ఇది. మధ్య పరగణాలు, బేరార్‌ల 1946 నాటి గూండా చట్టాన్ని 1961లో అదే కోర్టు కొట్టేసింది. గూండా ఎవరో తేల్చే కొలమానం అందులో లేదన్నది కారణం.

1970 దశకంలో నక్సలైట్ల పోరాటం, నిర్బంధ చట్టాలు ముఠాల కథను పక్కకు నెట్టాయి.

బవ్‌బజార్: 1993 మార్చి 16 అర్ధరాత్రి కలకత్తాలోని ఈ పేటలో సట్టా (అక్రమ జూదం) నిర్వాహకుడు రషీద్ ఖాన్ నిల్వచేసిన బాంబులు పేలి 69 మంది చనిపోయారు. ఉగ్రవాద నిరోధక చట్టమైన టాడా కింద ఏర్పడిన కోర్టు 2001లో ఆయనకూ మరికొందరికీ యావజ్జీవ శిక్ష వేసింది. సుప్రీంకోర్టు 2002లో దాన్ని ఖాయం చేసింది. సాక్ష్యాధారాలతో చివరిదాకా నడిచిన అరుదైన కేసు ఇది.

ఇతర చోట్ల: 2009 మార్చిలో సిడ్నీ విమానాశ్రయంలో రెండు మోటారుసైకిల్ ముఠాలు కొట్టుకోగా ఒకరు చనిపోయారు. వెంటనే తెచ్చిన ముఠా నియంత్రణ చట్టాన్ని ఆస్ట్రేలియా హైకోర్టు 2011లో చెల్లదంది. తెలుగునాట 1986 నాటి పీడీ (ముందస్తు నిర్బంధ) చట్టం గూండాను ఒక వర్గంగా పేర్కొని, 12 నెలల దాకా నిర్బంధానికి వీలిచ్చింది. ఆ చట్టం కింద తెలంగాణలో జారీ అయిన ఒక నిర్బంధ ఉత్తర్వును సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో అమీనా బేగం కేసులో రద్దు చేసింది.