దక్షిణాది తెలుగువారి విశాఖ యాత్ర

వేసవి సెలవులు వచ్చినవంటే మధుర, కోయంబత్తూరు తెలుగువారమైన మనకు రెండే దారులు. కొండ చూడవలెనంటే ఉదకమండలం, కడలి చూడవలెనంటే రామేశ్వరం. తెలుగు సీమకు పోయినా తిరుపతితో చాలామంది వెనుదిరుగుతారు. కొండా కడలీ ఒక్కచోట కలిసే విశాఖపట్నాన్ని మనవారు ఎందుకు చూడవలెనో నాలుగు మాటలు మనవి చేస్తాము.

ముందుగా ఆ తీరం అందం. డాల్ఫిన్ నోస్ అనే కొండ ముక్కువలె సముద్రంలోకి చొచ్చుకొని, రేవుకు అండగా నిలిచియున్నది. ఆ అండన కట్టిన రేవును 1933లో తెరిచినారు. అక్కడి ఓడల కర్మాగారంలో తయారైన ‘జల ఉష’ 1948లో నెహ్రూగారి చేతులమీదుగా నీటిలోకి దిగినది. తీరం వెంట ఉత్తరంగా పోతే తొట్లకొండ, బావికొండలమీద బౌద్ధ విహారాల శిథిలాలు, ఆపైన ఎర్రమట్టి దిబ్బలు, ఒకప్పుడు డచ్చివారు వర్తకం చేసిన భీమునిపట్నం కనబడుతవి. కొండల్లోకి రైలులో పోతే బొర్రా గుహలు, అరకు లోయ ఉన్నవి.

అందం ఎవరికైనా అందమే. కాని మనకు అక్కడ చుట్టరికం కూడా కలదు. విశాఖపట్నానికి కులోత్తుంగచోళపట్టణమని మారుపేరు ఉండినట్లు శాసనాలు చెప్పుచున్నవి. 1070లో చోళ సింహాసనమెక్కిన ఆ కులోత్తుంగుని తండ్రి వేంగి చాళుక్యుడు, తల్లి చోళుల ఆడపడుచు. తెలుగు తమిళ సీమల రాకపోకలు, వియ్యాలు మనతో మొదలైనవి కావన్నమాట.

ఇక సింహాచలం. గజపతులతో యుద్ధాల కాలంలో శ్రీకృష్ణదేవరాయలు 1516లోను, 1519లోను అక్కడికి వచ్చి, అప్పన్న స్వామికి నగలు సమర్పించి శాసనాలు వేయించినాడు. ఆ కళింగ దండయాత్ర సందర్భంలోనే కృష్ణా తీరపు శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువు కలలో కనబడి, తెలుగులో కావ్యం చెప్పమన్నాడని ఆముక్తమాల్యదలో రాయలు చెప్పుకున్నాడు. ఆ కావ్యం కథ ఎక్కడిది? మన మధురకు దాపున ఉన్న శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవిది!

ఆ విజయనగరపు పంపుననే విశ్వనాథ నాయకుడు 1529 ప్రాంతాన మధుర పాలన చేపట్టినాడు. 1736 దాకా సాగిన నాయకరాజుల ఏలుబడిలో సైనికులు, సేద్యగాండ్రు, నేతగాండ్రు, వర్తకులు ఎందరో మధురకు, కొంగునాటికి వచ్చి నిలదొక్కుకున్నారు. అట్టి తెలుగు కుటుంబాలలో పుట్టిన జి. కుప్పుస్వామి నాయుడుగారు 1910లో కోయంబత్తూరున లక్ష్మీ మిల్లు స్థాపించినారు. సింహాద్రి రాతిమీద పేరు చెక్కించిన ఏలికకు, మన పెద్దలు దక్షిణానికి నడిచిన బాటకు సంబంధం ఇది.

మేము సింహాచలం మంటపంలో నిలిచినప్పుడు మా పిల్లలు స్తంభాన్ని తడిమి, “ఇది ఏం వ్రాత?” అని అడిగినారు. తెలుగని చెప్పితే నమ్మలేదు. పాత లిపి పూర్తిగా చదవడం పండితుల పని. అయినా అక్షరాలు వచ్చినవారికి అక్కడక్కడ ఒక పదమైనా చిక్కుతుంది. మా పిల్లలకు అదీ చిక్కలేదు. ఊరి బస్సుమీది పలకను కూడా వారు తాతగారిచేత చదివించుకున్నారు.

మన ఇళ్ళలో మాట నిలిచినది, వ్రాత జారిపోతున్నది. తమిళనాడు బడులలో తమిళాన్ని తప్పనిసరి చేసిన చట్టం 2006లో వచ్చినది. తమిళం మనకు అన్నం పెట్టిన భాష, దానిని చక్కగా నేర్వవలసినదే. కాని బడిలో తెలుగు అక్షరం దొరకని పిల్లలకు అది ఇంట్లోనే దొరకవలెను. నేర్పగల అవ్వాతాతలు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉన్నారు. వారి తరం దాటితే ఎవరిని అడుగుతాము?

కాబట్టి సోదర సోదరీమణులారా, విశాఖ యాత్ర తప్పక చేయండి. రైలు టిక్కెట్టుకంటె ముందు ఒక పెద్దబాలశిక్ష కొనండి. రోజుకు నాలుగు అక్షరాలు దిద్దించినా, రెండు నెలలలో పిల్లలు ఊళ్ళ పేర్లు కూడబలుక్కొని చదువగలరు. అప్పుడు ఆ తీరంలో వారు చుట్టపుచూపుగా వచ్చినవారివలె గాక, ఇంటి బిడ్డలవలె తిరుగుతారు.